శాలువా కప్పందే ఇంటికి పంపరు

మాణిక్యాంబకు ఆ ఆసుపత్రిలో జీతం లేదు, బల్ల లేదు, కూర్చోవడానికి తనదంటూ ఒక కుర్చీ కూడా లేదు. ఉన్నది ఒక్కటే పని. వైద్యం ముగించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళను బస్టాండు దాకా తీసుకెళ్ళాలి. కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, మందుల సంచి ఒళ్ళో పెట్టి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మూడుసార్లు చెప్పాలి. బస్సు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి రావాలి.

ఆ జిల్లా క్యాన్సర్ ఆసుపత్రిలో 'తోడు' అనే సేవాబృందం ఒకటుంది. అందులో పదకొండు మంది. ఒకరు రాగిజావ కాచి తెస్తారు. ఒకరు చదువురానివాళ్ళకు చీటీలు నింపిపెడతారు. కొందరు ప్రతి మంగళవారం డాక్టరమ్మతో వ్యానెక్కి ఊళ్ళకు వెళ్ళి, మంచం పట్టినవాళ్ళకు నొప్పి మాత్రలు ఇచ్చి, కాసేపు కూర్చుని వస్తారు. సాగనంపే పని మాత్రం మాణిక్యాంబ ఇంకొకరికి వదల్లేదు. చెల్లెలు రైలెక్కి వెళ్ళిపోయిన రోజున ఆవిడ కుళాయి దగ్గర వంతులో నిలబడి ఉంది. భర్త కన్నుమూసిన పూట పాలు తేవడానికి వెళ్ళింది. తన చేతికి ఏదో ఒక పని తగిలించి మనుషులు జారుకుంటారని ఆవిడకు గట్టి అనుమానం. అందుకే, వెళ్ళేవాళ్ళను కళ్ళారా చూసి పంపితే గాని ఆవిడకు అన్నం సయించదు.

అలాంటి మాణిక్యాంబకు శ్రావణమాసం వచ్చేసరికి పని లేకుండా పోయింది. రోగులకు నయం కాక కాదు. నయమైనవాళ్ళను ఇంటికి పంపడం ఆసుపత్రి మానేసింది.

దీనికంతటికీ మూలం ప్రత్యేకాధికారి దివాకరం గారి మంచి మనసు. ఆయన ఏదో పెద్ద నగరంలో సదస్సుకు వెళ్ళారు. అక్కడ తెర మీద, ఏ దేశమో గాని, వైద్యం పూర్తయిన రోగి నడిచి వెళ్తుంటే నర్సులు రెండు వైపులా నిలబడి చప్పట్లు కొట్టడం చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకున్నాక చిన్న అసంతృప్తి కలిగింది. ఒట్టి చప్పట్లేనా? శాలువా లేదు, దండ లేదు, వేదిక లేదు, నలుగురు మాట్లాడింది లేదు. ఇదేం మర్యాద?

తిరిగి వచ్చిన వారంలోనే మొదటి సన్మానం జరిగింది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన సూరప్పడుకు శాలువా కప్పారు. ఆయన భార్య ఏడ్చింది. నర్సులు ఏడ్చారు. మాణిక్యాంబ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజానికి ఆ రోజు అందరికీ బాగానే ఉంది. అక్కడితో ఆగితే ఇంత దూరం వచ్చేది కాదు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఆ మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

"చికిత్స పూర్తి చేసుకొనిన ప్రతి రోగిని ఇకపై విజేత అని సంబోధించవలెను. విజేతను సన్మానించక గృహమునకు పంపుట సంస్థాగత నిర్లక్ష్యముగా పరిగణింపబడును. సన్మానము గురువారము నాడు, గెజిటెడ్ హోదాకు తగ్గని ముఖ్య అతిథి చేతుల మీదుగా మాత్రమే జరుపవలెను."

కంప్యూటర్ కూడా సర్క్యులర్ ప్రకారం మారింది. డిశ్చార్జి కాగితం బయటికి రావాలంటే విజేత నెంబరు కొట్టాలి. నెంబరు సన్మానం అయ్యాకే పుడుతుంది.

శ్రావణమాసంలో గెజిటెడ్ అధికారి దొరకడమంటే మాటలు కాదు. ఒకరికి పెళ్ళి, ఒకరికి శంకుస్థాపన, ఒకరికి పెళ్ళీ శంకుస్థాపనా రెండూ. మొదటి గురువారం ముఖ్య అతిథి రాలేదు. రెండో గురువారం వచ్చినాయన మాట్లాడుతూ మాట్లాడుతూ ప్రతి వార్డులో కరివేపాకు మొక్క ఉంటే వాతావరణం ఆహ్లాదంగా ఉంటుందన్నాడు. ముఖ్య అతిథి సూచన ఆ రోజే అమలు కావాలని దివాకరం గారి పట్టింపు. సాయంత్రానికి పద్నాలుగు కుండీలొచ్చాయి. ఆ హడావుడిలో సగం మందికి శాలువాలు కప్పడం మరిచిపోయారు. కప్పించుకోనివాళ్ళు మళ్ళీ మంచాల మీదికే వెళ్ళారు.

ఇలా విజేతలు పేరుకుపోయారు. ఒంట్లో బాగుండి, తిండికి లోటు లేక, చేసే పని లేక మనుషులు ఏం చేస్తారో వాళ్ళూ అదే చేశారు. సాంబారుకు వంకలు పెట్టారు. పక్క మంచం వాళ్ళతో సంబంధాలు మాట్లాడుకున్నారు. రెండో వార్డులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా అష్టాచెమ్మా.

డాక్టర్ రుక్సానా మంచి మనిషి, మంచి డాక్టరు. అయితే ఓపిక తక్కువ. ఆవిడ దివాకరం గారి గదిలోకి వెళ్ళి అడిగింది. మాణిక్యాంబ జావగిన్నె పట్టుకుని గుమ్మం దగ్గరే ఉంది.

"సార్, నయమైనవాళ్ళు మంచాల మీదున్నారు. నయం కావాల్సినవాళ్ళు వరండాలో చాపల మీదున్నారు. ఇదేం ఆసుపత్రి సార్?"

దివాకరం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ ఆవేదన పరిగణనలోకి తీసుకోవడమైనది, డాక్టర్ గారూ. వరండాలో ఉన్నవారిని నేటి నుండి 'భావి విజేతలు' అని సంబోధించండి."

"సంబోధిస్తే వర్షపు జల్లు పడదా సార్?"

"ఆ విషయం ఇంజనీరింగ్ విభాగానికి నివేదిస్తాను."

తోడు బృందానికి కొత్త బాధ్యతలొచ్చాయి. జావ కాచే ఆవిడ జ్ఞాపికల కమిటీలోకి పోయింది. చీటీలు నింపే మాస్టారు వందన సమర్పణ రాయడానికి పోయారు. సాగనంపడానికి ఎవరూ లేరు కాబట్టి మాణిక్యాంబను చప్పట్ల ఉపసంఘానికి కన్వీనరును చేశారు.

"గత సభలో చప్పట్లయందు ఏకరూపత లోపించినట్లు గమనించడమైనది," అన్నారు దివాకరం గారు. "ఉదయం పది గంటలకు వార్డులవారీగా సాధన చేయించండి."

"సెలైను ఎక్కుతున్నవాళ్ళ సంగతేంటండీ?" అని భయంభయంగా అడిగింది మాణిక్యాంబ.

ఆయన ఆలోచించారు. ఆయనకు నిజంగానే దయ ఉంది. "వారు ఖాళీగా ఉన్న చేతితో మంచంపై తట్టవచ్చును."

మూడో గురువారం గొంతు ఆపరేషను చేయించుకున్న బంగార్రాజు వంతు వచ్చింది. ఆయనకు స్వరపేటిక తీసేశారు. సన్మానగ్రహీత మూడు నిమిషాలు స్పందించాలన్నది నియమం. కాబట్టి ఆయన తరఫున స్పందించడానికి కాలేజీ లెక్చరర్ ఒకాయన్ను పిలిపించారు. లెక్చరర్ గారు తన చిన్నతనం దగ్గర మొదలుపెట్టి ఇరవై నిమిషాలు స్పందించేసరికి, వేళ మించిందని ముఖ్య అతిథి శాలువా కప్పకుండానే వెళ్ళిపోయారు. బంగార్రాజు పక్కన కూర్చుని, పలక మీద ఏదో రాసి జనం వైపు తిప్పాడు. 'నాకు ఇల్లుంది' అని ఉంది. జనం దాన్ని గొప్ప సందేశమనుకుని మాణిక్యాంబ చెయ్యి ఎత్తకముందే చప్పట్లు కొట్టారు.

ఆ సందట్లోనే పోలమ్మ సంగతి వచ్చింది.

పోలమ్మకు డెబ్బై ఉంటాయి. అడ్డచుట్ట తాగేది. మండే కొసను నోట్లో పెట్టుకుని, పనిచేస్తూ, మాట్లాడుతూ, చుట్ట బయటికి తీయకుండా నలభై ఏళ్ళు తాగింది. అంగిలి మీద పుండు లేచింది. చేయగలిగినదంతా చేశారు. పుండు లోపలికే నడిచింది. మాణిక్యాంబను ఆవిడ 'అప్పా' అనేది. అటువైపు అక్కను అలా పిలుస్తారు. ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు.

శనివారం పొద్దున్న డాక్టర్ రుక్సానా పోలమ్మ మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని, దాచకుండా చెప్పింది. "ఇక రేడియేషన్ కరెంటు పెట్టినా, మందెక్కించినా మీకు బాధే గాని లాభం లేదమ్మా. ఇంటికి వెళ్ళండి. నొప్పి లేకుండా చూసే పూచీ నాది. ప్రతి మంగళవారం మీ గుమ్మంలో ఉంటాం."

మాణిక్యాంబ తలతిప్పుకుని కరివేపాకు కుండీలో ఎండుటాకులు ఏరింది.

"ఆ మాటేదో ముందే సెప్తే ఇన్నాళ్ళు మీ ఇడ్లీలు తినకపోదును గదా," అంది పోలమ్మ. "మా గేదికి నెల నిండిపోనాది, డాకటరమ్మా. అది నా సెయ్యి తప్ప ఎవులి సెయ్యీ పడనీదు. ఎనిమిది రోజుల్లో ఈనుద్ది. ఈలోపల నన్ను తోలీండి."

"ఈ రోజే వెళ్ళొచ్చు."

"ఇనుకున్నావా అప్పా? సంచి సర్దు."

మాణిక్యాంబ సంచి సర్దింది. చాలా రోజుల తర్వాత ఆవిడకు తన పని దొరికింది. ఇద్దరూ మెల్లగా నడిచి డిశ్చార్జి కిటికీ దగ్గరికి వచ్చారు. కిటికీ లోపల గుమస్తా కూర్మారావు.

"విజేత నెంబరెంతండీ?"

"ఈవిడకు నెంబరు లేదు బాబూ. వైద్యం ఆపేశారు. ఇంటికి వెళ్తోంది."

కూర్మారావు కంప్యూటర్ వైపు చూసి తల గోక్కున్నాడు. "ఇందులో రెండే గళ్ళున్నాయండీ. ఒకటి విజేత. రెండోది పోరాడుతున్నవారు. విజేతయితే నెంబరు కావాలి. పోరాడుతున్నవారయితే మంచం మీదుండాలి."

"మరి నానెక్కడున్నాను?" అంది పోలమ్మ.

"అదే తెలీడం లేదు మామ్మా."

"నీ ఎదర నిలబడున్నాను గదరా బాబూ!"

"నాకు కనిపిస్తున్నావు మామ్మా. దీనికి కనిపించడం లేదు."

అధికారుల గదుల్లోకి వెళ్ళాలంటే మాణిక్యాంబకు చిన్నప్పటి నుంచీ భయం. అయినా సోమవారం తెల్లచీర కట్టుకుని దివాకరం గారి ఎదుట నిలబడింది. డాక్టరమ్మ రాసిన కాగితం ఆయన రెండుసార్లు చదివారు.

"బాధాకరం," అన్నారు. నిజంగానే బాధపడ్డారు. "కానీ చూడండి, ఈమెను విజేతగా ప్రకటించడానికి వైద్యపరమైన ఆధారం లేదు."

"అక్కర్లేదండి. ఇంటికి పంపితే చాలండి."

"ఏ హోదాలో పంపమంటారు? ఓడినవారు అనే వర్గం మన సంస్థలో లేదు. దానిని నేను స్వయంగా రద్దు చేశాను."

"ఆవిడ ఓడిపోలేదండీ. ఇంటికి వెళ్తానంటోంది, అంతే. గేదె ఈనుతుందటండి."

"గెలిచి వెళ్ళాలి, లేదా ఉండి పోరాడాలి. మధ్యేమార్గం సంస్థ స్ఫూర్తికి విరుద్ధం." ఆయన కాగితం మీద ఏదో రాశారు. "మూడవ గడి ఆవశ్యకతపై ఒక అధ్యయన సంఘాన్ని వేస్తున్నాను. మూడు మాసాలలో నివేదిక వస్తుంది."

"మూడు నెలలు..." అని మాణిక్యాంబ అక్కడే ఆగిపోయింది. అంత వ్యవధి పోలమ్మ దగ్గర లేదని ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. దివాకరం గారు కిటికీ వైపు చూశారు. మాణిక్యాంబ గుమ్మం వైపు నడిచింది.

వార్డులో పోలమ్మ అడిగింది. "ఏటన్నాడు?"

"చూస్తానన్నారు."

"అబద్దమాడితే నీ ముక్కు ఎర్రబడిపోద్ది, అప్పా. ఏటన్నాడు?"

మాణిక్యాంబ చెప్పింది. పోలమ్మ అంతా విని, "పోనీ, నాను సచ్చిపోనాక పంపుతారా, దానికీ నెంబరుండాలా?" అంది. పక్క మంచం మీద అష్టాచెమ్మా ఆడుతున్న ఇద్దరు విజేతలు గవ్వలు కిందపెట్టేశారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మాణిక్యాంబ పొయ్యి వెలిగించలేదు. ఈసారి పాలకు వెళ్ళను, నీళ్ళకు వెళ్ళను, అనుకుంది. మర్నాడు ఉదయం పక్కబట్టల మూటతో వచ్చి పోలమ్మ మంచం పక్కన చాప పరుచుకుంది.

గురువారం వచ్చింది. సభకు ముప్పై ఒక్క మంది విజేతలు. ఉక్కపోతలో ముప్పై ఒక్క శాలువాలు. వరండాలో భావి విజేతలు, విలేకరులు నలుగురు, ఫోటోగ్రాఫర్లు ఇద్దరు. పదకొండున్నరకు ముఖ్య అతిథి గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. వారి మేనల్లుడికి నిశ్చితార్థం. రాలేరు.

దివాకరం గారి ముఖం శాలువాల పెట్టెలోని తెల్లకాగితంలా అయింది. మొదటి గురువారం లాగే మళ్ళీ ఇదే. వేదిక మీద పెద్ద కుర్చీ ఖాళీగా ఉంది. విలేకరులు గడియారాలు చూసుకుంటున్నారు.

"ఎవరైనా... ఈ ప్రాంగణంలో... అందరూ లేచి నిలబడి గౌరవించదగిన పెద్దలు ఎవరైనా ఉన్నారా?" అని ఆయన గొంతు తగ్గించి అడిగారు.

మాణిక్యాంబ జీవితంలో పిలవకుండా ముందుకు వెళ్ళింది అదే మొదటిసారి. "ఉన్నారండి. పక్క వార్డులోనే ఉన్నారు."

"హోదా?"

"డెబ్బై ఏళ్ళ అనుభవమండి."

"ఏ శాఖ?"

మాణిక్యాంబ డాక్టరమ్మ వైపు తిరిగింది. వెనకనుంచి డాక్టర్ రుక్సానా అందుకుంది. "పాడి పరిశ్రమ, సార్. ఎవరి మాటా వినని ఉద్యోగిని కూడా చేత్తో తాకి పనిచేయించగలరు."

"వెంటనే తోడ్కొని రండి!"

పోలమ్మను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఉతికిన నూలుచీర, నుదుట మాణిక్యాంబ పెట్టిన రూపాయంత బొట్టు. చూడగానే దివాకరం గారికి ఆవిడెవరో తెలిసింది. కానీ అప్పటికే ఫోటోగ్రాఫర్లు వంగారు, సభ లేచి నిలబడింది, మైకులో మాస్టారు 'మన ముఖ్య అతిథి, శ్రీమతి పోలమ్మ గారు' అనేశారు. విలేకరుల ముందు ముఖ్య అతిథిని కిందికి దించే విధానం ఏ సర్క్యులర్‌లోనూ లేదు. ఆయన దండ వేశారు.

పోలమ్మ దండ వాసన చూసింది. మైకు వైపు చూసింది. "ఇదేటి, కరిసీదా?"

"మాట్లాడండి," అంది మాణిక్యాంబ చెవిలో.

పోలమ్మకు మాట పలకడం కష్టం. పుండు తగలకుండా నాలుకను ఒక పక్కకు పెట్టి, ఒక్కొక్క మాటే చెప్పింది.

"అందరూ బాగున్నారు గదా? అలగైతే ఇళ్ళకెల్లిపోండి. ఇంటికాడ పనులుంటాయి. మంచాలు ఆ వరండాలో ఓళ్ళకీండి. అంతే, నాకింకేటీ తెల్దు."

చప్పట్ల కన్వీనరు తన పని మరిచిపోయింది. ముందు వరసలో బంగార్రాజు లేచాడు. పలక చంకలో పెట్టుకుని, మంచం కిందినుంచి పెట్టె లాక్కోవడానికి వార్డు వైపు నడిచాడు. అతని వెనక ఇంకొకరు. ఆ తర్వాత కుర్చీల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఇది... ఇది ఏమిటి?" అన్నారు దివాకరం గారు.

"ముఖ్య అతిథి సూచన సార్," అన్నాడు కూర్మారావు, చేతిలో నోటుబుక్కుతో. "ఈ రోజే అమలు చేయాలి గదండీ. కరివేపాకుకు చేశాం."

విలేకరి ఒకడు కలం పట్టుకుని దివాకరం గారి ముఖంలోకి చూశాడు. దివాకరం గారు గొంతు సవరించుకున్నారు. "అవును. అమలుపరచండి."

ముఖ్య అతిథి మాటనే సన్మానంగా ఎక్కించి కూర్మారావు అందరికీ నెంబర్లు కొట్టాడు. ఒంటిగంటకు ముప్పై ఒక్క మంచాలు ఖాళీ అయ్యాయి. రెండింటికి అవి మళ్ళీ నిండాయి, ఈసారి వరండాలోవాళ్ళతో. అప్పుడు కూర్మారావు ఇంకో సందేహంతో వచ్చాడు. ముఖ్య అతిథి పేరు రోగుల జాబితాలో కూడా ఉందట.

"ముఖ్య అతిథి పేరు రోగుల జాబితాలోనా? ఎంత అగౌరవం! తక్షణం తొలగించండి!" అని కేకేశారు దివాకరం గారు. తర్వాత ఏదో తట్టినట్టు ఆగి, మాణిక్యాంబ వైపు చూశారు. ఆవిడ నేల చూపులు చూస్తోంది. ఆయన మెల్లగా, "వాహనం ఏర్పాటు చేయండి. ముఖ్య అతిథిని స్వగృహం వద్ద దింపడం మన ఆనవాయితీ," అన్నారు.

డాక్టర్ రుక్సానా వారానికి సరిపడా నొప్పి మాత్రలు సంచిలో పెట్టింది. కారు కదిలే ముందు పోలమ్మ కిటికీలోంచి చూసి, "ముక్కు మళ్ళీ ఎర్రబడిపోనాదేటి అప్పా? ఇప్పుడేం అబద్దమాడినావు?" అంది.

మర్నాడు పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. 'సూటిగా, క్లుప్తంగా ప్రసంగించిన ముఖ్య అతిథి' అని రాశాయి. ఇళ్ళకు పొమ్మన్న సూచనకు ఎవరూ గడువు రాయలేదు కాబట్టి కూర్మారావు దాన్ని ఆ మర్నాడు కూడా అమలుచేశాడు. దివాకరం గారు మాత్రం వచ్చే గురువారం ఆహ్వానపత్రిక మీద పెద్ద అక్షరాలతో పోలమ్మ పేరే వేయించి, మాణిక్యాంబ చేతికిచ్చి పంపారు.

పోలమ్మ తన పేరు అచ్చులో చూసి వేలితో తడిమింది. "ఇంత పేరా నాది?" అంది. తర్వాత జవాబు చెప్పింది. మాణిక్యాంబ ఆ పత్రిక వెనకాలే ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది.

"నాను రాను. ఆ అదికారి బాబునే రమ్మను. శాలువా వద్దు. మాత్రలు తెమ్మను."

దివాకరం గారు దాన్ని చాలాసేపు చూశారు. ముఖ్య అతిథి సూచన. మంగళవారం ఆయన తోడు బృందం వ్యానులో ఎక్కారు. మాత్రల పొట్లం ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

గేదె ఆదివారమే ఈనింది. దూడ పెరట్లో తూలుతూ నిలబడి ఉంది. పోలమ్మ పాక ముందు నులకమంచం మీద పడుకుని ఉంది. ఆ పూట నొప్పి ఎక్కువగా ఉంది. పలకరించినా కళ్ళు తెరవలేదు. దివాకరం గారు నిలబడి, అలవాటు చొప్పున గొంతు సవరించి, "వేదికనలంకరించిన..." అని, గేదెను చూసి ఆగిపోయారు.

"కూకో బాబూ," అంది పోలమ్మ కళ్ళు మూసుకునే.

ఆయన మంచం కోడు పక్కన, నేల మీద కూర్చున్నారు. డాక్టరమ్మ మాత్ర ఇచ్చింది. పనిచేయడానికి అరగంట పడుతుందని చెప్పింది. ఆ అరగంటా పోలమ్మ వేళ్ళు మంచం పట్టీని గట్టిగా పట్టుకుని ఉండడం, తర్వాత ఒక్కొక్క వేలూ వదులు కావడం దివాకరం గారు రెప్పవేయకుండా చూశారు.

"నీ ఇల్లెక్కడ బాబూ?" అంది పోలమ్మ, ఈసారి కళ్ళు తెరిచి.

ఆయన క్వార్టరు నెంబరు, వీధి, పిన్‌కోడు అన్నీ చెప్పారు.

"ఎవులున్నారక్కడ?"

"మా అమ్మగారు ఉన్నారండీ."

"ఆయమ్మ దగ్గర కూకుని ఎన్నాళ్ళయినాది?"

"పనుల ఒత్తిడి దృష్ట్యా..." అని మొదలుపెట్టి, ఆయన ఆ వాక్యం పూర్తి చేయలేకపోయారు.

"మరింకేటి, ఎల్లు," అంది పోలమ్మ. "నాకు బాగుంది. ఎల్లు బాబూ."

దివాకరం గారు లేచి, అలవాటుగా జేబులోంచి కలం తీశారు. సంతకం పెట్టడానికి అక్కడ ఏమీ లేదు. కలం మళ్ళీ జేబులో పెట్టుకుని, చెప్పులు వెతుక్కుని, వ్యాను వైపు నడిచారు.